వాయిద్యం పరాయిదైనా శ్రుతి తమదే: జులు పాటగాడు సిపో మ్చును

మన సంఘం సమావేశాల్లో కొంతకాలంగా ఒక వాదన నడుస్తోంది. మన కుర్రాళ్ళు రేల పాటలకు కీబోర్డు, ప్యాడ్లు కలిపి డీజే పాటలుగా తయారుచేసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. పెళ్ళిళ్ళలో, పండుగల్లో అవే మోగుతున్నాయి. "డోలు, కొమ్ము మూలన పడ్డాయి, పాట పాడైపోయింది" అని పెద్దలు బాధపడుతున్నారు. "మా వయసు వాళ్ళు మన భాషలో పాట వింటున్నారంటే దానివల్లే కదా" అని పిల్లలు అడుగుతున్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. హాస్టల్లో పిల్లల మధ్యనే ఏళ్ళ తరబడి ఉంటున్నాం కాబట్టి ఈ గొడవ మా భోజనాల గదిలో కూడా వింటూనే ఉన్నాం.

ఈ సంచికకు చరిత్ర వ్యాసం రాయమని సంఘం అడిగినప్పుడు మన వీరుల గురించి రాసేవారు చాలామంది ఉంటారనిపించింది. అందుకే మేము దూరదేశపు మనిషిని ఎంచుకున్నాం. ఆయన పేరు సిపో మ్చును. దక్షిణాఫ్రికాలో జులు ప్రజల బిడ్డ. జులు భాషలో సిపో అంటే కానుక. ఆయన బడికి వెళ్ళి చదువుకోలేదు. పశువులు కాశాడు. పట్నం వెళ్ళి తోటపని చేశాడు. గిటారు వాయిస్తూ, పాడుతూ, ఆడుతూ ఐరోపా, అమెరికా వేదికల దాకా వెళ్ళాడు. పేరు బాగా వినిపిస్తున్న రోజుల్లోనే ఊరికి తిరిగి వచ్చి మళ్ళీ పశువుల దగ్గర స్థిరపడ్డాడు. మన వాదన తేల్చుకోవడానికి ఆయన జీవితం ఉపయోగపడుతుందని మా నమ్మకం.

ఆ నేల, ఆ మనుషులు

సిపో కథకు ముందు ఆయన పుట్టిన నేల గురించి కొంచెం తెలుసుకోవాలి. దక్షిణాఫ్రికా తూర్పు తీరాన హిందూ మహాసముద్రానికి ఆనుకుని ఉన్న ప్రాంతాన్ని ఇప్పుడు క్వాజులు-నాటాల్ అంటారు. 1816లో షాకా నాయకుడయ్యాక చిన్న చిన్న వంశాలన్నీ కలిసి జులు రాజ్యం బలపడింది. 1879 జనవరి 22న ఇసాండ్ల్వానా అనే కొండ దగ్గర జులు సైన్యం తుపాకులున్న బ్రిటిష్ పటాలాన్ని ఓడించింది. ఆ ఒక్కరోజే బ్రిటిష్ వైపు 1,300 మందికి పైగా చనిపోయారు. కానీ అదే ఏడాది బ్రిటిష్‌వాళ్ళు మళ్ళీ పెద్ద బలగంతో వచ్చి రాజ్యాన్ని విరగ్గొట్టారు.

ఆ తర్వాత జరిగింది మనకు తెలిసిన కథే. గుడిసెకింత అని పన్ను వేశారు. అది చాలదన్నట్టు తలకు ఒక పౌను చొప్పున తల పన్ను తెచ్చారు. 1906లో బంబాతా అనే నాయకుడు ఆ పన్ను మీద తిరగబడి న్కాండ్లా అడవుల్లోకి వెళ్ళి పోరాడాడు. ఆ తిరుగుబాటులో మూడు వేల మందికి పైగా జులులు చనిపోయారు. 1913లో వచ్చిన భూమి చట్టం దేశం మొత్తంలో సుమారు 7 శాతం భూమిని మాత్రమే నల్లవారికి మిగిల్చింది. 1936లో దాన్ని సుమారు 13 శాతానికి పెంచుతామన్నారు. జనాభాలో ఎక్కువమంది వాళ్ళే, వాళ్ళకు మిగిలిన భూమి మాత్రం అంతే.

ఈ నాటాల్‌కు తెలుగువారితోనూ సంబంధం ఉంది. తెల్లవారు అక్కడ చెరకు తోటలు పెట్టినప్పుడు జులులు కూలికి రాలేదు. పశువులు, పొలాలు ఉన్నవాడు ఇంకొకరి తోటలో తక్కువ కూలికి ఎందుకు పనిచేస్తాడు? అందుకని ఒప్పందం కూలీలుగా భారతీయులను ఓడల్లో తీసుకెళ్ళారు. మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబర్ 16న డర్బన్ రేవు చేరింది. ఆ తర్వాతి ఏళ్ళలో వేలాది తెలుగువారు అలాగే వెళ్ళారు. వాళ్ళ మనవళ్ళు, మునిమనవళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషను నిలుపుకునే ప్రయత్నం చేశారు. చెరకు తోటకు రానన్న జులుల మెడలు వంచడానికి పన్ను, భూమి చట్టం పనికొచ్చాయి. పన్ను డబ్బుతోనే కట్టాలి. డబ్బు పట్నంలోనే దొరుకుతుంది. 1886లో జొహన్నెస్‌బర్గ్ దగ్గర బంగారం బయటపడింది. ఊళ్ళలోని మగవాళ్ళు గనులకు, ఫ్యాక్టరీలకు, తెల్లవారి ఇళ్ళకు పనికి వెళ్ళడం మొదలైంది. ఏడాదికి ఒకసారి ఇంటికి రావడం, మిగతా కాలం పట్నంలో హాస్టళ్ళలో ఉండడం. ఆ హాస్టళ్ళు చదువుకోవడానికి కట్టినవి కావు. పనికొచ్చిన మగవాళ్ళను పడుకోబెట్టడానికి వరసగా మంచాలు వేసిన పెద్ద పెద్ద గదులు. భార్యాపిల్లలకు అక్కడ చోటు లేదు. మనం ఇప్పుడు చెప్పుకోబోయే సంగీతం పెరిగింది ఆ దారుల్లో, ఆ గదుల్లోనే.

గిటారును తమది చేసుకున్న తీరు

జులులకు గిటారు పూర్వం నుంచి ఉన్న వాయిద్యం కాదు. వాళ్ళ పాత వాయిద్యాల్లో ముఖ్యమైనది వింటి బద్ద. ఉగుభు, ఉమఖ్వేయానా అని రెండు రకాలు. వంచిన కర్రకు ఒకే తీగ కట్టి, కిందో మధ్యలోనో ఎండిన బుర్ర బిగిస్తారు. పుల్లతో తీగను కొడుతూ, బుర్ర మూతిని ఒంటికి ఆనిస్తూ, తీస్తూ నాదాన్ని మారుస్తారు. ఎక్కువగా ఆడవాళ్ళే వాయించేవారు. రాజు దినుజులు కూతురు, యువరాణి మగోగో (1900–1984) ఉగుభు వాయిస్తూ పాడడంలో పేరుపొందిన గాయని.

ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో పల్లె దుకాణాలకు చవక గిటార్లు, కాన్సర్టీనాలు వచ్చాయి. పనికి వెళ్ళిన మగవాళ్ళు తొలి జీతంతో గిటారు కొనుక్కునేవారు. కొనలేని పశువుల కాపరి పిల్లలు నూనె డబ్బాకు కర్ర బిగించి, తీగలు లాగి సొంతంగా తయారుచేసుకునేవారు. ఆ డబ్బా గిటారును ఇగోగోగో అంటారు.

ఇక్కడ మన యువత శ్రద్ధగా గమనించవలసిన సంగతి ఒకటుంది. గిటారు కొన్నారు గాని గిటారు పుస్తకంలో ఉన్నట్టు వాయించలేదు. అన్నిటికంటే సన్నని తీగను ఒక స్వరం కిందికి దించి తమ పాటకు సరిపోయేలా శ్రుతి చేసుకున్నారు. తీగలన్నీ ఒకేసారి గీకే పద్ధతిని ఉకువంబా అంటారు. దాని మీద తృప్తి లేక ఒక్కొక్క తీగనూ మీటే ఉకుపికా పద్ధతిని పెంచారు. బొటనవేలు లావు తీగల మీద ఒక పాట నడిపిస్తుంది. చూపుడువేలు సన్న తీగల మీద దానికి జవాబు చెబుతుంది. జులు పాటలో ఒకరు ఎత్తుకుంటే గుంపు అందుకుంటుంది. మన రేలలో ఒక వరస పాడితే ఎదుటి వరస అందుకున్నట్టే. ఆ పిలుపును, ఆ జవాబును ఒక్క మనిషి రెండు వేళ్ళతో పలికించాడు. గుంపు ఊళ్ళో ఉంది, తను ఒంటరిగా పట్నం దారిలో నడుస్తున్నాడు. నడకకు తోడు ఆ గిటారే.

ఈ సంగీతానికి మస్కండా అని పేరు వచ్చింది. అది ఆఫ్రికాన్స్ భాషలో సంగీతకారుడు అనే మాట నుంచి వచ్చింది. పేరు కూడా పరాయిదే. లోపల ఉన్నదంతా జులులది. పాట మొదట్లో వేళ్ళు తీగలన్నిటి మీదా ఒకసారి చకచకా పరుగెడతాయి. దాన్ని ఇజిహ్లాబో అంటారు. ఇదిగో నా శ్రుతి, ఇదిగో నా చెయ్యి అని పాటగాడు చెప్పుకోవడం అది. తర్వాత పాట. పాట మధ్యలో గిటారు ఆగకుండా నడుస్తుండగా పాటగాడు పాడడం ఆపి వేగంగా మాట్లాడతాడు. తన పేరు, తండ్రి పేరు, వంశం, ఊరు, ఊరి పక్క ఏరు, కొండ, తమ నాయకుడు, అన్నీ గుక్క తిప్పకుండా చెబుతాడు. జులులు రాజులకు, వీరులకు, పశువులకు కూడా చెప్పే ఇజిబొంగో అనే ప్రశంస ఇది. వేలమంది ఒకే రకం బట్టలతో, ఒకే రకం పని చేస్తూ, పేరుకు బదులు నంబరుతో బతికే చోట నేను ఫలానావాడినని చెప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఈ పద్ధతికి పెద్ద గురువు జాన్ భేంగు. 1930లో మధ్య జులులాండ్‌లో పుట్టాడు. 1950ల మొదట్లో డర్బన్ వీధుల్లో మీటు పద్ధతిలో గిటారు వాయించి పేరు తెచ్చుకున్నాడు. ఆ దశాబ్దంలోనే రికార్డులు వచ్చాయి. జనం ఆయన్ని పుజుషుకేలా అని పిలిచారు. చక్కెర తాగేవాడు అని అర్థం. 1960ల చివర్లో ఆయనే కరెంటు గిటారు పట్టి, డ్రమ్ములు, బేసు గిటారుతో బృందాన్ని వెంట పెట్టుకున్నాడు. రికార్డులు బాగా అమ్ముడయ్యాయి. ఆయన దారిలో ఎంతోమంది నడిచారు. మన డీజే వాదన వంటిది అక్కడ అరవై ఏళ్ళ కిందటే వచ్చిందన్నమాట.

క్రాన్స్‌కాప్ నుంచి జొహన్నెస్‌బర్గ్‌కు

సిపో మ్చును 1951లో క్రాన్స్‌కాప్ దగ్గర పుట్టాడు. తుగెలా నది లోయ పైన ఉన్న కొండ ప్రాంతం అది. మ్చును అనేది ఆయన వంశం పేరు. అక్కడి మగపిల్లలందరిలాగే పశువుల వెంట పెరిగాడు. గిటారు ఎవరూ తరగతి పెట్టి నేర్పలేదు. చూసి, విని నేర్చుకున్నాడు. పాటతో పాటు ఆట కూడా నేర్చాడు. ఆ ప్రాంతంలో ఇసిషమేనీ అనే నృత్యం ఉంది. కాలు తల ఎత్తుకు లేపి నేల అదిరేలా వేస్తారు. బృందమంతా ఒక్క కాలిలా వెయ్యాలి.

పద్దెనిమిదేళ్ళ వయసులో, 1969 ప్రాంతంలో పని కోసం జొహన్నెస్‌బర్గ్ వెళ్ళాడు. తెల్లవారి బంగళాలో తోటపని దొరికింది. ఆ రోజుల్లో దక్షిణాఫ్రికాలో జాతివివక్షే చట్టం. దాన్ని అపార్థైడ్ అంటారు. 1950లో వచ్చిన ఒక చట్టం ఏ రంగువారు ఏ ప్రాంతంలో ఉండాలో రాసిపెట్టింది. నల్లవాడు పట్నంలో తిరగాలంటే జేబులో పాస్ పుస్తకం ఉండాలి. లేకపోతే జైలు. తెల్లవారి బంగళా వెనక చిన్న గదిలో ఉండి వారి పూలమొక్కలకు నీళ్ళు పోయవచ్చు. ఆ వీధిలో ఇల్లు కొనుక్కుని ఉండడానికి మాత్రం వీల్లేదు.

ఆదివారం సెలవు. ఒకే ప్రాంతం నుంచి వచ్చిన మగవాళ్ళు హాస్టళ్ళ ఆవరణలో కలుసుకునేవారు. క్రాన్స్‌కాప్ వాళ్ళు ఒక జట్టు, ఇంకో లోయ వాళ్ళు ఇంకో జట్టు. ఆట పోటీలు, పాట పోటీలు. వారమంతా "ఏయ్ బాయ్" అని పిలిపించుకున్నవాడు ఆదివారం పూట జట్టు నాయకుడు.

పోటీకి వచ్చినవాడు గురువయ్యాడు

అదే పట్నంలో జానీ క్లెగ్ అనే తెల్ల పిల్లవాడు ఉండేవాడు. 1953లో ఇంగ్లండ్‌లో పుట్టి, చిన్నప్పుడే తల్లితో ఆఫ్రికా చేరాడు. పద్నాలుగు, పదిహేనేళ్ళప్పుడు వాళ్ళ పేటలో ఫ్లాట్లు శుభ్రంచేసే చార్లీ మ్జీలా అనే జులు మనిషి వీధిలో గిటారు వాయిస్తుంటే విని ఆగిపోయాడు. నేర్పమని అడిగాడు. మ్జీలా నేర్పాడు, హాస్టళ్ళకు కూడా తీసుకెళ్ళాడు. తెల్లవాడు నల్లవారి హాస్టల్లో అడుగుపెట్టడం నేరం. ఆ పిల్లవాణ్ణి పదిహేనేళ్ళకే పోలీసులు పట్టుకున్నారు.

తెల్ల పిల్లవాడొకడు జులు గిటారు వాయిస్తున్నాడనే మాట సిపో చెవిన పడింది. ఏం వాయిస్తాడో చూద్దామని పోటీకి పిలవడానికి వెళ్ళాడు. ఒక పాటగాడి పేరు వింటే ఎదురెళ్ళి తేల్చుకోవడం జులు మర్యాదే. అలా వెళ్ళిన సిపో ఆ పిల్లవాడికి స్నేహితుడయ్యాడు, గురువయ్యాడు. సిపోకు పద్దెనిమిది, పంతొమ్మిది. జానీకి పదహారు. ఇద్దరూ కలిసి వాయించారు, ఇసిషమేనీ ఆడారు. బహిరంగ హాళ్ళలో కలిసి పాడనివ్వరు కాబట్టి హాస్టళ్ళలో, వీధుల్లో, చర్చి హాళ్ళలో, విశ్వవిద్యాలయ ఆవరణల్లో, స్నేహితుల ఇళ్ళలో పాడేవారు. తిట్లు తిన్నారు, పోలీసుల సోదాలు చూశారు.

ప్రపంచంలో ఈ కథ ఎక్కువగా జానీ కథగానే చెబుతారు. 'తెల్ల జులు' అని ఆయనకు పెద్ద పేరు. జానీ తర్వాత విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి, అక్కడే పాఠం చెప్పాడు. ఆ పాఠంలోని విషయం మాత్రం ఎక్కువభాగం తోటమాలి దగ్గర, ఫ్లాట్లు ఊడ్చే మనిషి దగ్గర నేర్చుకున్నదే. జానీ ఆ మాట దాచుకోలేదు. జీవితాంతం మ్జీలా పేరు, మ్చును పేరు చెబుతూనే ఉన్నాడు.

ఈ చోట మేము ఆగి మాట్లాడాలనుకుంటున్నాం. మన గూడేలకు కూడా పాటలు సేకరించేవారు వస్తుంటారు. ఫోనులో మన అవ్వల చేత పాడించుకుంటారు. తర్వాత ఆ పాట ఎవరి ఛానెల్‌లోనో కనిపిస్తుంది. కింద 'గిరిజన మహిళ పాట' అని ఉంటుంది. ఏ గిరిజన మహిళ? ఆమెకు పేరు లేదా, ఊరు లేదా, ఇంటిపేరు లేదా? పాట ఇచ్చినవారిని 'సమాచారం ఇచ్చినవారు' అనేస్తే వారి పని అయిపోయినట్టే. గురువు అన్నామంటే మన మీద బాధ్యత ఉంటుంది. బడి మొహం చూడని సిపో దగ్గర విశ్వవిద్యాలయం మనిషి శిష్యుడిగా కూర్చున్నాడు. మనవాళ్ళే మన అవ్వల దగ్గర అలా కూర్చోకపోతే తప్పు మనదే.

జులుకా అనే ఎద్దు

1976లో ఇద్దరూ జానీ అండ్ సిపో అనే పేరుతో వోజా ఫ్రైడే అనే చిన్న రికార్డు చేశారు. శుక్రవారమా రావమ్మా అని అర్థం. వారం పని చేసి చేసి సెలవు కోసం చూసే కూలివాడి మాట అది. ఆ ఏడాదే జూన్ 16న సోవెటోలో బడి పిల్లలు వీధుల్లోకి వచ్చారు. తమ మీద ఆఫ్రికాన్స్ భాషలో చదువు రుద్దవద్దని అడిగిన పిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపారు. బడి పిల్లలు భాష కోసం ప్రాణాలిచ్చిన రోజు కాబట్టి ఆ తేదీని మన పిల్లలు కూడా గుర్తుపెట్టుకోవాలి.

మూడేళ్ళకు ఇద్దరిదీ పెద్ద బృందమైంది. నల్లవారు, తెల్లవారు కలిసి ఉన్న బృందం. దానికి పేరు ఏం పెట్టాలి? సిపోకు ఒక ఎద్దు ఉండేది. దాని పేరు జులుకా, చెమట అని అర్థం. ఆ పేరే పెట్టారు. పట్నం బృందాలకు ఇంగ్లిష్ పేర్లు పెట్టుకునే రోజుల్లో ఊళ్ళో మేస్తున్న ఎద్దు పేరు రికార్డు అట్ట మీదికి ఎక్కింది.

1979లో వచ్చిన తొలి ఆల్బమ్ యూనివర్సల్ మెన్. ఊరు వదిలి పనికి వెళ్ళి, ఊరికీ పట్నానికీ మధ్య బతికే మగవాళ్ళ గురించిన పాటలు. 1981లో ఆఫ్రికన్ లిటనీ వచ్చింది. అందులోని ఇంపీ అనే పాట 1879 ఇసాండ్ల్వానా యుద్ధం గురించి. జులులు గెలిచిన యుద్ధాన్ని జులు, తెల్ల గొంతులు కలిసి పాడాయి. 1982లో స్కాటర్లింగ్స్ వచ్చింది. అందులోని స్కాటర్లింగ్స్ ఆఫ్ ఆఫ్రికా అనే పాట 1983లో బ్రిటన్ పాటల జాబితాకు కూడా ఎక్కింది. ఐరోపా, అమెరికా యాత్రలు జరిగాయి. వేదిక మీద డ్రమ్ములు, బేసు, వేణువు ఉన్నాయి. వాటి మధ్య సిపో గిటారు మాత్రం మస్కండా పద్ధతిలోనే మోగేది. ఆట ఇసిషమేనీయే.

ఈ పాటల్లో ఒక చరణం ఇంగ్లిష్‌లో ఉంటే పల్లవి జులులో ఉండేది. ప్రభుత్వ రేడియోకు అది నచ్చలేదు. ఎందుకో తెలుసుకుంటే మనకు ఆశ్చర్యం వేస్తుంది. ఆ ప్రభుత్వం జులు భాషను నిషేధించలేదు. జులు రేడియో, సోతో రేడియో, ఖోసా రేడియో అని ఒక్కో జాతికి ఒక్కో కేంద్రం తనే పెట్టింది. జులు కేంద్రంలో జులు మాత్రమే రావాలి, కలగలుపు రాకూడదు. తెల్లవాడు జులులో పాడితే అది జులులకు అవమానమని కూడా అన్నారు. పైకి చూస్తే జులు సంస్కృతి మీద ఎంత ప్రేమో అనిపిస్తుంది. అసలు ఉద్దేశం వేరు. ఎవరి సంస్కృతిలో వారు విడివిడిగా ఉండాలి, ఎవరి 'స్వదేశం'లో వారు ఉండాలి, పట్నానికి కూలికి తప్ప రాకూడదు. జులులకు క్వాజులు అని ముక్కలు ముక్కలుగా ఉన్న భూమిని చూపించి ఇదే మీ దేశం అన్నారు.

అంటే సంస్కృతిని 'స్వచ్ఛంగా' ఉంచడం అనే మాటతో మనుషుల్ని ఒక గూట్లో పెట్టి తాళం వెయ్యవచ్చు. ఏడాదికి ఒకసారి సభకు పిలిచి, కొమ్ములు పెట్టించి, ఆడించి, ఫొటోలు దిగి, బస్సెక్కించి పంపేయడం కూడా ఆ కోవలోనిదే. మన ఆట వారికి కావాలి, మన భూమి సమస్య అక్కర్లేదు. సిపో ఆ గూట్లో ఉండలేదు. అలాగని పట్నం పాటల్లో కలిసిపోయి తనదేదో మరిచిపోనూ లేదు. ఇంగ్లిష్ ఎక్కడ రావాలో, జులు ఎక్కడ రావాలో పాడేవాళ్ళే తేల్చుకున్నారు. నిర్ణయం వాళ్ళ చేతిలో ఉంది. పెద్దలకు, పిల్లలకు మేము చెప్పదలచుకున్నది ఇదే. కొత్త వాయిద్యం కలిసిందా లేదా అన్న ప్రశ్నకంటే, కలిపింది ఎవరు, శ్రుతి ఎవరిది అన్న ప్రశ్న ముఖ్యం.

ఇంటి దారి

1985లో సిపో బృందం వదిలి ఊరికి తిరిగి వెళ్ళాడు. ఇల్లు, పొలం, పశువులు చూసుకోవాలి. జులుకా అక్కడితో ఆగింది. అప్పటికి ఆయనకు 34 ఏళ్ళు. విదేశాల్లో పేరు వస్తున్న వేళ అలా వెళ్ళిపోవడం చాలామందికి అర్థం కాలేదు.

మనకు మాత్రం అర్థం కావాలి. పట్నం వెళ్ళిన జులు మగవాడు ఎందుకు వెళ్తాడు? పన్ను కట్టడానికి, పశువులు కొనడానికి, పెళ్ళి చేసుకోవడానికి, ఇల్లు నిలబెట్టడానికి. పెళ్ళికొడుకు వాళ్ళు అమ్మాయి ఇంటికి పశువులు ఇస్తారు. దాన్ని లోబోలా అంటారు. పశువులు లేనివాడికి ఊళ్ళో మాట లేదు. పట్నం ఆయనకు దారి మాత్రమే, ఇల్లు ఊళ్ళోనే ఉంది. వెనక్కి వెళ్ళడం ఓడిపోవడం కాదని ఆయన జీవితం చెబుతుంది. ఆయన సొంతంగా మస్కండా పాటల రికార్డులు కూడా చేశాడు.

జానీ ఆ తర్వాత సవూకా అనే బృందం పెట్టి ఇంకా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. జైల్లో ఉన్న మండేలా గురించి 1987లో పాట చేశాడు. 1990లో మండేలా విడుదలయ్యాడు. 1994లో అందరూ ఓటు వేశారు. అపార్థైడ్ పోయింది. 1997లో సిపో, జానీ మళ్ళీ కలిసి ఒక ఆల్బమ్ చేశారు. దక్షిణాఫ్రికాలో దాని పేరు యా వుకా ఇంకుంజీ. ఎద్దు లేచింది అని అర్థం. పద్దెనిమిదేళ్ళ కిందట ఎద్దు పేరుతో మొదలైన స్నేహం మళ్ళీ ఎద్దు పేరుతోనే వినిపించింది. 2019 జూలై 16న జానీ క్లెగ్ క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

మస్కండా అక్కడితో ఆగలేదు. ఎక్కువగా మగవాళ్ళదిగా ఉన్న ఈ సంగీతాన్ని బుసీ మ్హ్లొంగో (1947–2010) అనే గాయని తన గొంతుతో కొత్త దారి పట్టించింది. మా హాస్టల్లోని ఆడపిల్లలు ఈ పేరు తప్పకుండా వెతికి వినాలి. ఇప్పటి కుర్రాళ్ళు మస్కండాకు కంప్యూటరు తాళాలు కూడా కలుపుతున్నారు. మొదట్లో వేళ్ళ పరుగు, మధ్యలో వంశం పేరు, ఊరి పేరు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి.

మనం ఏం చేద్దాం?

నిరుడు కొత్తగా చేరిన పిల్లల చేత వివరాల కాగితం నింపిస్తున్నాం. 'ఇంట్లో మాట్లాడే భాష' అన్న చోట ఒక పాప తెలుగు అని రాసింది. వాళ్ళ అమ్మానాన్నలు మాతో తెలుగులో నాలుగు ముక్కలు కూడా మాట్లాడలేకపోయారు. ఎందుకలా రాశావమ్మా అంటే తలొంచుకుంది. ఆ పాప తప్పేమీ లేదు. నీ భాష చెబితే నవ్వుతారని ఎవరో ఎక్కడో నేర్పారు. మేము కూడా బడిలో చదువుకునే రోజుల్లో అలా తలొంచుకున్నవాళ్ళమే.

ఆ సంఘటన తర్వాత మా హాస్టల్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. శనివారం రాత్రి పాటలప్పుడు ఎవరు పాడినా ముందు నాలుగు మాటలు చెప్పాలి. నా పేరు ఇది, మా ఇంటిపేరు ఇది, మాది ఫలానా గట్టు, మా ఊరు, మా వాగు ఇది, ఈ పాట నాకు నేర్పింది ఫలానావారు. మొదట్లో సిగ్గుపడ్డారు. గట్టు తెలియనివాళ్ళు ఇంటికి ఫోను చేసి అడిగి తెలుసుకున్నారు. ఒక పాప వాళ్ళ తాతను అడిగితే ఆయన గట్టుతో ఆగకుండా వేల్పు కథ అంతా ఫోనులోనే చెప్పాడట. ఈ పద్ధతి మస్కండా పాటగాళ్ళ దగ్గర చూసి నేర్చుకున్నదే.

పాటలు తయారుచేసే యువతకు మా విన్నపాలు కొన్ని. కీబోర్డు వాడండి, మేము వద్దనం. వాడేముందు డోలు వాయించే పెద్దాయన దగ్గర కొన్నాళ్ళు కూర్చోండి. ఆ దెబ్బ మీ చేతికి వచ్చాక దాన్ని కీబోర్డులోకి తెచ్చుకోండి. కంపెనీవాడు నింపి పంపిన తాళానికి మన పాటను కుదించకండి. వీడియో కింద పాడినవారి పేరు, ఊరు, నేర్పినవారి పేరు రాయండి. డబ్బు వస్తే అవ్వకు కూడా వాటా ఇవ్వండి. పెద్దలకు కూడా ఒక విన్నపం. పిల్లవాడు కొత్త వాయిద్యం పట్టుకుని వస్తే ముందే తిట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఏ తీగ దించాలో చెప్పండి. సిపో పోటీకి వెళ్ళి గురువైనట్టు మీరు కూడా కోపంతో వచ్చి గురువులు కావచ్చు.

ఆ పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. మొన్న శనివారం వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకున్న రేల పాట పాడింది. పాడేముందు ఇంటిపేరు, గట్టు, ఊరు, వాగు పేరు గట్టిగా చెప్పింది. ఈ ఏడాది కాగితాల్లో భాష దగ్గర కోయ అని తనే దిద్దుకుంది.

జై ఆదివాసీ!